ఎర్ర నూగు

తలుపు మీద అంటించిన నోటీసును కేశవులు మూడోసారి చదివాడు. మొదటిసారి ఏముందో మూడోసారీ అదే ఉంది. 2006 మే 24, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు ఈ ఫ్లాటును ఫైనాన్స్ కంపెనీ స్వాధీనం చేసుకుంటుంది. అప్పు ఎగ్గొట్టినవాడి పేరు లక్ష్మీనర్సయ్య. అంటే రేపే ముహూర్తం.

నోటీసు అంటించింది గురువారం సాయంత్రం. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు లక్ష్మీనర్సయ్య బొంబాయి పక్కనున్న భివండీలో, కనేరి పేటలోని నేతగాళ్ల చేయూత సంఘం గది మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అలా రాసుకోవడానికి వాళ్లకు పావుగంట పట్టిందని కేశవులు విచారించి తెలుసుకున్నాడు. ఇవాళ మంగళవారం.

లోపల చాప మీద లక్ష్మీనర్సయ్య భార్య ఎల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నాలుగు రోజులు ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"అప్పు అన్న మాటే మా ఇంట్ల లేదన్నా. ముప్పై ఏండ్లు సాంచల మీద నిలవడ్డడు ఆయన. నాలుగు సాంచలు పాత ఇనుము కింద తూకానికి అమ్మి, నా పుస్తెల తాడు అమ్మి ఈ రెండర్రలు కొన్నం. రేపు పదకొండుకు నన్ను బయటికి పొమ్మంటరా? ఎక్కడికి పోవాలె నేను?"

కేశవులు చాప అంచున కూర్చుని డైరీ తెరిచాడు. ఆ పవర్‌లూములు అమ్మిన రోజు పక్కనే ఉన్నాడు తను. ఈ ఫ్లాటు కాగితాలు చూసి 'కొనుక్కో బావా' అన్నదీ తనే.

పద్నాలుగేళ్లు ఇంటి అప్పులిచ్చే ఒక కంపెనీలో ఫీల్డు మనిషిగా తిరిగాడు కేశవులు. అప్పు అడిగినవాడి ఇంటికి వెళ్లి, గోడలు చూసి, మనిషిని చూసి, నిజమా అబద్ధమా రాసివ్వడం అతని పని. తర్వాత ఆ ఉద్యోగం మానేసి నిజాంపురాలో ఒక చాయ్ హోటల్ మీది గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు చూసి వచ్చేవాళ్లకంటే ఉచిత సలహా కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఊరవతల పూర్ణ గ్రామం వైపు గోదాములు లేచినప్పటి నుంచి భివండీలో ఫ్లాటు ధర రెండేళ్లలో రెట్టింపు అయింది. సాంచలు మూలపడుతున్నాయి, బిల్డింగులు లేస్తున్నాయి. ఉన్న నాలుగు సాంచలూ అమ్మేసి ఇల్లు కొనేవాళ్లు కేశవులు ముందు వరస కట్టేవారు. అతను ప్రతివాడికీ విసుక్కుంటూనే చెప్పేవాడు. భూమి వ్యవసాయం నుంచి మారిందో లేదో చూడండిరా. స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటే ఇల్లు మీదయిపోదు, రిజిస్ట్రీ చేయించండి. నెల కిస్తు మీ సంపాదనలో మూడో వంతు దాటితే పండుగ పూట కూడా పస్తుంటారు. ఆరు నెలల కిస్తు పక్కన పెట్టకుండా అప్పు జోలికి వెళ్లకండి. ఏడాదికోసారి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి మీ ఇంటి మీద ఇంకెవరి పేరైనా ఎక్కిందేమో చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, తోడబుట్టినవాడికైనా సరే.

ఆ చివరి మాటను అందరికంటే ముందు తప్పినవాడు కేశవులే. ఆ సంగతి తర్వాత.

"శుక్రవారం బావ ఎన్ని గంటలకు పోయిండు చెల్లె?"

"పన్నెండుకు కిందికి దిగి పీసీఓల నుంచి ఎవలకో ఫోన్ జేసిండు. మీదికచ్చి రెండు ముద్దలు తిన్నడు. పని అయితది, కాయితాలు జూసి అస్త అన్నడు. ఒంటిగంటకు పోయిండు. మల్ల రాలే."

"ఎవలకు జేసిండు ఫోను?"

"చెప్పలే. వకీలుకు గావచ్చు అనుకున్న."

"ఒంటి మీద ఏమేం దొరికినయి?"

"అంగి జేబుల సంఘం బీరువ తాళంచెవి, గుమస్తా భూమన్నది, మల్ల ఆయనకే ఇచ్చిన. నూట ఇరువై రూపాయలు. బస్సు టికెట్. కండ్లద్దాలే దొరకలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అద్దాలు లేకుంటే ఆయనకు అక్షరం కనవడది. పోలీసులను అడిగితే ఎవడో ఎత్కపోయిండు అన్నరు. ఒక కాడ ఇరిగితే దారం జుట్టుకున్న అద్దాలు. వాటిని ఎవడు ఎత్కపోతడన్నా?"

కేశవులు డైరీలో 'కళ్లద్దాలు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. కాగితాలు చూడ్డానికని వెళ్లిన మనిషి అద్దాలు లేకుండా వెళ్లడు.

"రాంరాం మామా."

గుమ్మంలో పంకజ్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, టై, చంకలో ఫైలు. ఏడేళ్ల కిందట కేశవులు స్కూటర్ వెనక కూర్చుని పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ ఫైనాన్స్ కంపెనీలో విచారణ ఆఫీసర్. నేర్చుకున్నదంతా నేర్పినవాడి మీదే ప్రయోగించే రోజు వస్తుందని ఇద్దరికీ తెలుసు.

"చచ్చినోని ఇంటికి టై కట్టుకొని అచ్చినవా?" అన్నాడు కేశవులు.

"డ్యూటీ మామా. ఎల్లవ్వా, నన్ను తిట్టుకోకు. రేపు సామాను తీస్కునేతందుకు నాలుగు గంటలు టైం ఇప్పిస్త." తర్వాత గొంతు తగ్గించాడు. "మామా, ఈ కేసు ఇడిచిపెట్టు. నీకు అచ్చి రాదు."

"బెదిరిస్తున్నవా?"

"చెప్తున్న."

కేశవులుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫైలు ఇటియ్యి. నువ్వు నేర్చుకున్నది నా దగ్గర. ఏం రాసుకచ్చినవో నేను సుత చూస్త."

పంకజ్ ఫైలు చాప మీద పెట్టాడు. కిందటేడు ఆగస్టు పదిహేడున అసలు కాగితాలు కంపెనీకి చేరాయి. ఇరవై ఆరున అప్పు మంజూరు. నవంబరు దాకా కిస్తులు కట్టారు, తర్వాత ఆపేశారు. మూడు కిస్తులు తప్పితే కొత్త చట్టం ప్రకారం అరవై రోజుల నోటీసు, ఆ తర్వాత కోర్టు గడప తొక్కకుండానే స్వాధీనం.

"నోటీసులు ఎక్కడికి పంపిన్రు?"

"కనేరి చాళ్ల కిరాయి రూముకు."

"ఆ రూము ఖాళీ జేసి రెండేండ్లాయె. ఇది ఫోటోనా, మసిగుడ్డనా?" ఫైల్లోని జిరాక్సులో ముఖం ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది.

"అసలు ఫోటో బొంబాయి హెడ్డాఫీసుల ఉంటది."

కేశవులు పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. అది ఇంటికి వచ్చి చూసినట్టు రాసిన రిపోర్టు. తను వేల సార్లు రాసిన కాగితం. దాన్ని పైకి చదివాడు. "'ఆగస్టు పంతొమ్మిది, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. యజమాని ఇంట్లోనే కలిశాడు. కింది అంతస్తులో సాంచల చప్పుడు విపరీతంగా ఉన్నందున మెట్ల మీద నిలబడి మాట్లాడాం.'"

కింది అంతస్తు కార్ఖానాలో సాంచలు ఇప్పుడు కూడా నడుస్తున్నాయి. గూట్లో గ్లాసులు వణుకుతున్నాయి.

"మంచిగనే రాసిండు గదా," అన్నాడు పంకజ్.

"నీ మొబైల్ల క్యాలెండరు ఉంటది. ఆ రోజు ఏ వారమో చూడు."

పంకజ్ ఫోను తీసి మీటలు నొక్కాడు. మొబైలు తెర మీదనే అతని చూపు ఆగిపోయింది.

"శుక్రవారం."

"భివండీల పుట్టి పెరిగినోనివి. శుక్రవారం సాంచలు నడుస్తయారా? వారం వారం ఆ ఒక్కనాడేనాయె కరెంటు బందు, ఊరంత సెలవు. ఈ రిపోర్టు రాసినోడు ఈ మెట్లు ఎక్కలే. ఎక్కడ్నో కుర్చీల కూసొని, భివండీ అంటే చప్పుడు ఉంటది అని రాసిండు. ఆ కాయితం మీద నమ్మకంతోని ఈమెను రోడ్డు మీద వెడుతున్నవు."

పంకజ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కానీ తగ్గలేదు. "రిపోర్టు దొంగదే అనుకో మామా. అసలు కాయితాలు మా తిజోరీల ఉన్నయి, జిరాక్సులు కాదు. ఆయన ఇయ్యకుంటే ఎట్లచ్చినయి? ఆయనే మాకు ఇచ్చి, సంఘంల ఉత్త జిరాక్సులు పెట్టి మిమ్ముల అందరిని నమ్మిచ్చిండు. నోటీసు అచ్చినంక ఇజ్జతు పోతదని దుంకిండు. హెడ్డాఫీసు మాట ఇది."

ఎల్లమ్మ తల ఎత్తింది. అతని కళ్లలోకి చూసింది. ఆ చూపు చూడలేక పంకజ్ ఫైలు మూశాడు.

"ఐదు గంటల లోపల ఒక్క రుజువు చూపియ్యి," అన్నాడు చివరికి. "ఆయన ఇయ్యలేదు అనేతందుకు ఒక్కటి. ఫోన్ జేసి రేపటిది నేను ఆపుతా. ఐదు దాటితే ఆఫీసుల ఎవలు ఉండరు."

అప్పుడు సమయం రెండూ నలభై.

"నేను సుత అస్త," అని ఎల్లమ్మ లేచింది.

*

సంఘం గది సంగతి కొంచెం చెప్పుకోవాలి. కిందటేడు జూలై ఇరవై ఆరున వాన పడి భివండీ సగం మునిగింది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ల ట్రంకు పెట్టెలు తేలాయి, ఇంటి కాగితాలు నానాయి. బ్యాంకు లాకరుకు ఏడాది వరుస ఉంది. సాంచల మధ్య కాపురం గనుక నిప్పు భయం ఎప్పుడూ ఉన్నదే. అందుకని తెలుగు నేతగాళ్లంతా కూడి, కనేరిలో కార్ఖానా మీద ఉన్న సంఘం గదికి తమ కాగితాలు మోసుకొచ్చారు. పంతొమ్మిది కుటుంబాలు, పంతొమ్మిది మూటలు. ఆగస్టు రెండు నుంచి ఐదు దాకా అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండు తాళాలు ఉండాలని పట్టుబట్టినవాడు కేశవులు. ఒక తాళంచెవి సంఘం గుమాస్తా భూమయ్య దగ్గర, రెండోది కేశవులు దగ్గర. ఇద్దరూ ఉంటే తప్ప బీరువా తెరుచుకోదు, తెరిస్తే పుస్తకంలో రాయాలి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దని లోకానికి చెప్పిన మనిషి తన మూట కూడా అందులోనే పెట్టాడు. రెండు తాళాలున్నాయన్న ధీమా అది.

ఈ ఉదయం ఆ తాళంచెవి కోసం చూస్తే దేవుడి పటం పక్కన మేకుకు లేదు. వెతగ్గా వెతగ్గా ఫ్రిజ్ మీద దొరికింది. "ఈ ఇంట్ల వస్తువు పెట్టిన జాగల ఉండదు," అని భార్య కళావతిని కసిరాడు కేశవులు. చాయ్ తాగుతున్న కొడుకు సచిన్ పేపర్లోంచి తలెత్తలేదు. ఇరవై నాలుగేళ్లవాడు. కొత్త బిల్డింగుల్లో ఫ్లాట్లు కొనేవాళ్లకు అప్పు ఫారాలు నింపిపెట్టే ఏజెంటు పని చేస్తున్నాడు. తన వృత్తే కొడుక్కు అబ్బిందని కేశవులుకు లోలోపల గర్వం.

మూడూ ఇరవైకి ముగ్గురూ ఇనుప మెట్లు ఎక్కారు. నిటారుగా పద్దెనిమిది మెట్లు. పై మెట్టు దగ్గర ఒక పక్క రెయిలింగు లేదు. అక్కడికి వచ్చేసరికి ఎల్లమ్మ కిందికి చూసి గోడ పట్టుకుంది.

గదిలో ఎక్కడ చూసినా తెల్లటి నూలు నూగే. కింద సాంచలు నడిచినంత సేపూ మెట్ల దారిన ఎగిరొచ్చి బల్ల మీద, క్యాలెండరు మీద, భూమయ్య కనుబొమల మీద వాలుతుంది. భూమయ్యకు అరవై దాటాయి. వీళ్లను చూసి గబగబా లేచాడు.

"శుక్రవారం సంగతి చెప్పు భూమన్నా. టైముతోని చెప్పు."

"ఒకటిన్నరకు లచ్చిన్రన్న అచ్చిండు. నా కాయితాలు చూడాలె, నీ తాళంచెవి ఇయ్యి అన్నడు. రెండో చెవి లేకుంటే ఎట్ల అంటే, అది అస్తున్నది, నువ్వు పొయ్యి తినిరా అన్నడు. నేను చెవి ఇచ్చి బువ్వకు పోయిన. రెండున్నరకు అచ్చి చూస్తే మెట్ల కింద..." అతను కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అస్తున్నది అన్నడా? ఎవలు తెస్తున్నరన్నడు?"

"అడుగలే. నువ్వే అనుకున్న తమ్మీ."

"నేను శుక్రవారం ఠాణే పట్నం కోర్టుల ఉన్న."

భూమయ్య రెప్పలాడించాడు.

"కిందటేడు ఆగస్టు ఐదు తరువాత బీరువ తెరిచినమా మనం?"

"లేదు," అన్నాడు భూమయ్య వెంటనే. అంటూ పంకజ్ వైపు ఒకసారి, కేశవులు వైపు ఒకసారి చూశాడు. ఒక కన్ను కొద్దిగా గీటాడు కూడా. కేశవులుకు అది దొంగచూపులా తోచింది. మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

పుస్తకంలోనూ ఆగస్టు ఐదు తర్వాత ఏమీ లేదు. కేశవులు తాళాలను భూతద్దంలో చూశాడు. గీత లేదు, గాటు లేదు. బలవంతం చేసిన జాడే లేదు. రెండూ నొక్కితే పడిపోయే రకం. మూయడానికి తాళంచెవి అక్కర్లేదు, తెరవడానికి మాత్రం రెండూ కావాలి. భూమయ్య తనది తిప్పాడు. కేశవులు జేబులోంచి తనది తీసి తిప్పాడు. తలుపు కిర్రుమంది.

ఎల్లమ్మ నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. కింద పన్నెండు సాంచలు మోగుతున్నా ఆ అరుపు గదంతా వినబడింది.

మధ్య అరలో, విప్పి ఉన్న మూట మీద, కళ్లద్దాలున్నాయి. ఒక కాడకు దారం చుట్టి ఉంది.

ఇరవై ఏళ్ల వృత్తిలో కేశవులు శవాలు చూశాడు, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. చెయ్యి చాచబోయిన ఎల్లమ్మను ఆపి, రుమాలుతో అద్దాలు ఎత్తి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు.

"పంకజ్, చూస్తున్నవా?"

"చూస్తున్న మామా." వాడి గొంతులో ఆఫీసర్ లేడు.

"శుక్రవారం ఈ బీరువ తెరిచిన్రు. బావ అద్దాలు పెట్టుకొని కాయితాలు చూసిండు. అద్దాలు లోపల ఉండంగనే తలుపు మూసి తాళాలు నొక్కిన్రు. ఆయనే మూస్తే అద్దాలు తీస్కుంటడు. మూసింది ఇంకొకడు. అప్పటికి ఆయన మెట్ల కింద ఉన్నడు."

ఎల్లమ్మ కూలబడింది. "సంపిండ్రా అన్నా? నా మనిషిని సంపిండ్రా?"

కేశవులు ఆమె తల మీద చెయ్యి పెట్టి, మూటలోని కాగితాలు పైకి తీశాడు. రంగు జిరాక్సు. రిజిస్ట్రార్ ముద్ర ఎర్రగా, అందంగా ఉంది. దాని మీద వేలు పెట్టి రుద్దాడు. అసలు ముద్రకుండే ఉబ్బు వేలికి తగల్లేదు.

"నేను అన్నదే," అన్నాడు పంకజ్, కాని ఆ మాటలో బలం లేదు. "అసలువి మాకిచ్చి ఇక్కడ జిరాక్సు పెట్టిండు."

"తొందరపడకు." కేశవులు ప్లాస్టిక్ కవరును వెలుతురుకు పట్టుకున్నాడు. లోపల, కాగితం మడతల్లో సన్నటి నూగు ఉంది. తెల్లది కాదు, ఎర్రది. "భూమన్నా, కింద ఎర్ర నూలు ఎప్పుడు నడిచింది?"

నేతగాడిని నూలు సంగతి అడిగితే తడుముకోడు. "ఒక్కసారే. గణపతి మండపాల గుడ్డకు ఆర్డరచ్చింది. ఆగస్టు పదికి ఎక్కిచ్చిన్రు, సెప్టెంబరు మూడుకు దించిన్రు. అప్పుడు ఈ గదంత ఎర్రగనే. నా బువ్వల సుత ఎర్ర నూగు. ముందట లేదు, తరువాత లేదు."

"విన్నవా పంకజ్? మూటలు ఇక్కడ వెట్టింది ఐదు లోపల. అప్పుడు తెల్ల నూలు. ఈ కవరు విప్పింది, జిరాక్సు ఇందుల వెట్టింది, తాళాలు పడ్డంక, ఎర్ర నూలు నడిచిన దినాల్లనే. మీ కంపెనీకి కాయితాలు ముట్టింది పదిహేడున. లెక్క సరిపాయె. అప్పటికి బావ దగ్గర ఏ తాళంచెవి లేదు. ఆయన తీయలే. ఆయన అప్పు తీస్కోలే."

పంకజ్ తల ఊపాడు. ఒప్పుకున్నాడో, ఇంకేదో ఆలోచిస్తున్నాడో తెలియలేదు. కేశవులు మిగిలిన మూటలు ఒక్కొక్కటే విప్పసాగాడు. తెలుపు, తెలుపు, ఎరుపు. తెలుపు, ఎరుపు. అరగంట పట్టింది. పంతొమ్మిదిలో ఎర్ర నూగున్నవి ఆరు. ఐదింటి మీది పేర్లు పైకి చదివాడు. ఆరో మూట చేతిలోకి తీసుకుని పేరు చూశాడు, చదవలేకపోయాడు.

అది అతనిదే.

విప్పకముందే తెలిసిపోయింది. ముద్ర మీద వేలు పెడితే నున్నగా తగిలింది. తన ఇల్లు, కళావతి చీటీల డబ్బు, పద్నాలుగేళ్ల జీతం. అన్నీ ఎవడి తిజోరీలోనో ఉన్నాయి. బీరువా అంచు పట్టుకున్నాడు.

"నాకు ఎరుకే మామా," అన్నాడు పంకజ్ మెల్లగా. "ఆరు ఫైళ్లు. ఆరో దాని మీద నీ పేరుంది. నోటీసు వచ్చే నెల. ఇందాక అందుకే ఇడిచిపెట్టుమన్న."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు సుత ఇందుల కలిసినవు అనుకున్న." పంకజ్ కళ్లు దించుకున్నాడు. "ఆరు ఫైళ్ల మీద ఒకటే ఏజెంటు సంతకం. ఆ పేరు చూసి, నీకు తెల్వకుంట ఎట్లయితది అనుకున్న."

"ఏం పేరు?"

పంకజ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కేశవులుకు వినాలనీ లేదు. ఇందాకటి నుంచి మనసు తప్పించుకు తిరుగుతున్న లెక్క ఒకటి ఎదురొచ్చి నిలబడింది. గీత లేని తాళాలు. రెండు తాళంచెవులూ ఉంటేనే తెరుచుకునే బీరువా. ఒకటి భూమయ్యది. రెండోది మేకుకు ఉండాల్సింది, ఫ్రిజ్ మీద ఉంది.

కేశవులు భూమయ్య మెడ పట్టుకున్నంత పని చేశాడు. "నిజం చెప్పు! ఆగస్టుల ఎవలు తెరిచిన్రు?"

"అరే, నన్నడుగుతవేంది తమ్మీ?" ముసలివాడు బిత్తరపోయాడు. "నువ్వే పంపితివి గదా! సచిన్ నీ తాళంచెవి తీస్కచ్చిండు. వరద నష్టపరిహారానికి కొందరివి జిరాక్సులు తియ్యాలె, బాపు పంపిండు, బయట తెలిస్తే అందరు ఎగవడ్తరు, పుస్తకంల రాయొద్దు అన్నడు. నీ కొడుకును నేను చిట్టీ అడుగుతనా? తాళం తీసిచ్చి కిందికి పోయిన. ఇప్పుడు ఈ కంపెనీ పోరడు ముందట ఉన్నడని తెరువలే అన్న. నీకు సైగ జేస్తిని గదా!"

ఆ కన్ను గీటడం దొంగచూపు కాదు. తన గుట్టు కాపాడ్డానికి ఆ ముసలివాడు చేసిన సైగ. ఊళ్లో తన మాటకున్న నమ్మకంతోనే తన కొడుకు ఆరిళ్ల పునాదులు తవ్వాడు. కేశవులుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంటికి ఫోన్ చేశాడు.

"కళావతీ, శుక్రవారం పన్నెండు గంటలకు లచ్చిన్రు బావ మన ఇంటికి ఫోన్ జేసిండా?"

"జేసిండు. నువ్వు ఠాణేల ఉంటివి. సచిన్ ఎత్తిండు. ఏదో తాళంచెవి ముచ్చట, నేను ఇచ్చస్తతియ్ మామా అన్నడు. చెప్పలేదా నీకు?"

"వాడు ఏడి?"

"ఇప్పుడే బయటికి పాయె. తాళంచెవి ఏదన్నడు. బాపు సంఘానికి పట్టుకపోయిండంటే కంచం ముందట నుంచి లేచి బండి తీసిండు. పది నిమిషాలాయె. ఏమైంది? మాట్లాడవేంది?"

కేశవులు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సాంచల చప్పుడులో బండి ఆగిన శబ్దం వినబడలేదు. కానీ కాళ్ల కింద ఇనుప మెట్లు అదిరాయి. ఎవరో రెండేసి మెట్లు ఎక్కుతున్నారు.

"చెల్లె, గోడ దిక్కు జరుగు." తాళంచెవి తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టాడు. "కొంగున ముడేసుకో. ఎవలడిగినా ఇయ్యకు, నేనడిగినా ఇయ్యకు." భూమయ్యను బీరువా ముందు నిలబెట్టి, తను గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాడు.

సచిన్ వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. అందరినీ చూసి పై మెట్టు మీదే ఆగాడు.

"బాపూ, అందరిని కిందికి పంపియ్. ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకుందాం. జర సంఝో, అర్థం జేస్కో."

"ఇంటి ముచ్చటనే మాట్లాడుతున్నం. ఆరిండ్ల ముచ్చట."

"కిస్తులు నేనే కట్టిన బాపూ, నవంబరు దాంక. పూర్ణ దిక్కు ఆరు ఫ్లాట్లు బుక్ చేసిన, రేటు పెరుగంగనే అమ్మి అందరివి విడిపిస్తుంటి. బిల్డర్ భాగ్ గయా, పైసలతోని పారిపోయిండు. నేనేం జేయాలె? నువ్వు నోరు తెరిస్తే మన ఇల్లు సుత పోతది, అమ్మ రోడ్డు మీద..."

మాట మధ్యలో అతని చూపు బీరువా అరలోని అద్దాల మీద పడింది. అవి అక్కడున్నాయని అతనికి ఇప్పటిదాకా తెలియదు. ముఖంలో నెత్తురు దిగిపోయింది.

"నేను నూకలే బాపూ," అన్నాడు. "నా చెయ్యి పట్టుకున్నడు, పోలీస్ దగ్గరికి పద అన్నడు. ఇడిపిచ్చుకున్న. అంతే. మా కీ కసమ్, అమ్మ తోడు."

నూకాడని అక్కడ ఎవరూ అనలేదు. ఎల్లమ్మ కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని సచిన్ వైపే చూస్తోంది. చిన్నప్పుడు వాడికి ఆమె అన్నం తినిపించిన రోజులున్నాయి.

కేశవులు కొడుకు దగ్గరికి రెండడుగులు వేశాడు. రెయిలింగు లేని వైపు నుంచి వాడి మోచెయ్యి పట్టి గదిలోకి లాగి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ చెయ్యి వదల్లేదు.

"పంకజ్, టైమెంత?"

"నాలుగు యాభై మామా."

"ఐదు లోపల రుజువు గావాలంటివి గదా." కేశవులు బీరువాలోని అద్దాల వైపు చెయ్యి చూపించాడు. "ముందుగాల హెడ్డాఫీసుకు ఫోన్ జేసి ఎల్లమ్మ ఇల్లు ఆపు. తరువాత పోలీసులను పిలువు. ఇగ కలం తీసి నేను చెప్పింది రాసుకో. రెండో తాళంచెవి నా ఇంట్ల ఉండె. తీసింది నా కొడుకు."

పంకజ్ కలం తీశాడు.